సున్నా మేసిన బర్రె

కిందటి వారం మనం సామేలును అడిక్‌మెట్ గదిలో, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు కోసం మంచం కింద తల దూర్చిన భంగిమలో వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. ముందు అతన్ని బయటికి లాగుదాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వానలు మొగం చాటేసి జొన్న గిడసబారితే, ఆ లేత ఆకులో విషం ఊరుతుంది. అది మేసిన గొడ్డు అరగంటలో కాళ్ళు తన్నుకుని పడిపోతుంది. సామేలు తల్లి ఉప్పలమ్మ దాన్ని నాము అంటుంది. ఆలేరు చుట్టుపక్కల పశువు ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే మాట. సామేలుకు రీసెర్చి గైడయిన ప్రొఫెసర్ సోమయాజులు గారు మాత్రం హెచ్‌సీఎన్ అంటారు. పిఠాపురంలో పుట్టి, లండన్ వెళ్ళొచ్చి, తార్నాకలో ఇల్లు కట్టుకున్న మనిషి మరి.

సామేలు మూడేళ్ళుగా చేస్తున్న పని, జొన్న మొక్క లోపల జరిగే వంటంతా కంప్యూటరు చేత వండించడం. ఆకు ఎంత ఎండ తాగింది, వేరు ఎంత తడి పీల్చింది, ఏ సరుకు ఏ సరుకుగా ఎంత వేగంగా మారింది, ఇలా మొత్తం నలభై రెండు సమీకరణాలు. ఎండు కాలంలో గంట గంటకీ విషం ఎంత ఊరుతోందో ఆ యంత్రం కూడుకుంటూ పోవాలి. పదిహేను రోజుల కిందట అది అలా కూడి కూడి, చుక్కల ప్రింటరు మీద గరగరలాడి, చెప్పిన జవాబు సున్నా.

అంతవరకూ కంప్యూటరును టైపు మిషనుకు పట్టిన పిచ్చి అనే సోమయాజులు గారు ఆ రోజు దానికి కుంకుమ బొట్టు పెట్టారు. తన పొలంలో పెంచుతున్న కొత్త జొన్న రకంలో నాము పుట్టనే పుట్టదని తేలిపోయిందన్నారు. ప్రాజెక్టు ఉంచాలా ఎత్తెయ్యాలా అని చూడ్డానికి వస్తున్న ఢిల్లీ కమిటీ కళ్ళెదుట, నీళ్ళు పెట్టకుండా ఎండగట్టిన మడిలోని జొన్నను సాక్షాత్తూ ఒక బర్రెకు మేపి చూపిస్తానన్నారు. ఆ బర్రె పేరు ముత్యాలు. తార్నాకలో ఆయన ఇంటికి రోజూ పాలు పోసే మాణికేశ్వర్ నగర్ లచ్చవ్వకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి అది. ప్రదర్శన ఈ రోజే, పదకొండింటికి.

ఈ రోజు పొద్దున్నే సామేలు తన రూమ్మేటు రత్నాకర్ మామిడికాయ తొక్కు సీసా పక్కకు జరిపితే, దాని కింద పరిచిన కాగితం కనిపించింది. కంప్యూటరు భాష ఫోర్‌ట్రాన్ నోట్సులో పదిహేడో పేజీ. సామేలు కాపీలో ఆ పేజీ లేదు. జిరాక్సు షాపువాడు పదహారు తరవాత పద్దెనిమిది తీశాడు, మూడేళ్ళుగా ఎవరూ గమనించలేదు. నూనె మరకల మధ్య నుంచి ఆ పేజీ చెప్పిందేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల్లో ఐ నుంచి ఎన్ దాకా దేనితో పేరు మొదలైనా, ఆ పేరున్న డబ్బాలో కంప్యూటరు పూర్ణాంకాలే దాస్తుంది, దశాంశాలను కోసి పారేస్తుంది.

సామేలు తన ప్రోగ్రాంలో విషానికి పెట్టుకున్న పేరు ఎన్, ఏ, ఎమ్, యూ. నాము.

రెండో చెప్పు దొరికింది. ఇక పరుగే.

*

తార్నాకలో గేటు చప్పుడు కాగానే సోమయాజులు గారి భార్య పద్మావతి గిన్నెతో సహా ఎదురొచ్చింది. సామేలును చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నువ్వా నాయనా! లచ్చవ్వేమో అనుకున్నాను. ఎనిమిదిన్నర అవుతోంది, ఇంట్లో పాల చుక్క లేదు. బర్రె పరీక్షకి వెడుతోందిట, పొద్దున్నే పిండితే నీరసపడుతుందిట. మా కిట్టు పదో తరగతి పరీక్షలకి వెళ్ళినప్పుడు కూడా నేనింత హడావిడి చెయ్యలేదు."

"సారు ఉన్నరా అమ్మా?"

"ఉన్నారు. అద్దంతో మాట్లాడుతున్నారు."

నిజంగానే ఆయన హాల్లో నిలువుటద్దం ముందు సూటు వేసుకుని, చెయ్యి ఊపుతూ, కమిటీకి చెప్పబోయే ఉపన్యాసం అప్పజెప్పుకుంటున్నారు. సామేలును అద్దంలోనే చూసి, "రావోయ్ రా! టై ముడి సరిగ్గా పడిందా చూడు," అన్నారు.

"సార్, బర్రెకు పెట్టొద్దు సార్. సున్నా తప్పు."

"ఏ సున్నా?"

"మన సున్నా సార్."

సోమయాజులు గారు నవ్వారు. "సున్నా తప్పవడవేవిటయ్యా? ఒకటి తప్పవుతుంది, రెండు తప్పవుతుంది. సున్నాలో తప్పడానికి ఏవుందీ?"

సామేలు జేబులోంచి పదిహేడో పేజీ తీశాడు. తొక్కు వాసన గుప్పుమంది. ఆయన ముక్కు మూసుకుని చదివారు, కళ్ళజోడు మార్చి మళ్ళీ చదివారు. మొక్కల కడుపులో ఏముందో పుక్కిటపట్టిన మనిషే గానీ కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఆయన ఓనమాల వాడు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయన వంశంలోనే లేదు.

"అయితే ఏవిటంటావు?"

"నాము ఎన్‌తోటి మొదలైతది సార్. గంటకు సున్నా పాయింట్ ఎనిమిది మూడు చొప్పున విషం ఊరుతున్నదని మన సమీకరణం కరెక్టుగనే చెప్తున్నది. కని అది నాము డబ్బాల పడంగనే పాయింటు తరువాతదంతా కోసేస్తున్నది. సున్నకు సున్న పాయింట్ ఎనిమిది మూడు కలిపితే సున్ననే రాసుకుంటున్నది. మల్ల గంటకు మల్ల సున్న. ఇర్వై దినాలు నడిపినా, ఇర్వై ఏండ్లు నడిపినా గంతే."

"కంప్యూటరు అబద్ధం చెప్పదయ్యా."

"అబద్ధం చెప్పలే సార్. మనం గట్ల రాసుకొమ్మన్నం, రాసుకున్నది."

"నువ్వు కంగారు పడుతున్నావు. రాత్రి సరిగా నిద్రపోలేదేమో. పద్మా! సామేలుకి కాఫీ..."

"పాలు లేవన్నానా!" అంటూ పద్మావతి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఆవిడ చేతిలో ఖాళీ గిన్నె అలాగే ఉంది. "ఉండండి, ఆ అబ్బాయి ఏదో చెబుతున్నాడు, విననివ్వండి. ఏవిటి నాయనా, ముప్పావు గ్లాసు పాలు పోస్తే అది గ్లాసు కిందే లెక్కపెట్టదా?"

"పెట్టదమ్మా."

"నిండితేనే గ్లాసా?"

"నిండితేనే."

"మరి ఆ ముప్పావు అలా ఉంచి, ఇంకో ముప్పావు దాని మీద పోస్తే నిండుతుంది కదా?"

"అదే కష్టం అమ్మా. నిండని గ్లాసును అది ఎప్పటికప్పుడు బండల మీద పారబోసి, మల్ల ఖాళీ గ్లాసు పెట్టుకుంటది."

పద్మావతి భర్త వైపు తిరిగింది. "అర్థమైందా అండీ? పొద్దుటినించీ పాలు పోస్తూనే ఉన్నారు, గ్లాసేమో ఖాళీ. మీరేమో ఖాళీ గ్లాసు చూసి, లచ్చవ్వ బర్రె వట్టిపోయిందని ఢిల్లీకి ఉత్తరం రాశారు."

సోమయాజులు గారు కుర్చీలో కూలబడ్డారు. నలభై రెండు సమీకరణాలతో కానిది ఒక పాలగ్లాసుతో అయింది. అంతలోనే సామేలు మీద విరుచుకుపడ్డారు. 

"నాము అని పేరెవడు పెట్టమన్నాడయ్యా నిన్ను? హెచ్‌సీఎన్ అని పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? హెచ్చు! ఎఫ్ జీ హెచ్చు! ఐకి ముందే ఉంది కదయ్యా హెచ్చు! ఇంగ్లీషులో ఏడ్చి ఉంటే మనకీ ఏడుపు తప్పేది కదా!"

ఆ మాట సామేలుకు గుచ్చుకుంది. తప్పు తనదే, కాదనడానికి లేదు. కానీ ఆ పేరు తీసిపారెయ్యమంటే మాత్రం అతనికి ప్రాణం ఒప్పలేదు.

"నేను పదేండ్లోణ్ణి ఉన్నప్పుడు సార్," అన్నాడు, "కరువు కాలం. మా ఎద్దును గెట్టు మీద పట్టుకొని నడిపిస్తున్న. పక్క చేన్ల జొన్న మోకాలెత్తు కూడ లేదు. అది నాలుగు బుక్కలు బుక్కింది, నేను గుంజలే. ఆకలిగొన్నది కద, తిననీ అనుకున్న. మా అమ్మ చేన్ల నుంచి నాము నాము అని ఒర్రుకుంట ఉరికొచ్చేసరికి అది పడిపోయింది. ఆ మాటకు అర్థం ఏందో నాకు గప్పుడే తెలిసింది. గందుకే పెట్టిన."

పద్మావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు కోపం వస్తే కొండెక్కినట్టు ఉంటుంది గానీ, దిగడం కూడా అంతే తొందరగా దిగుతారు.

"లచ్చవ్వకి ఉన్నది ఆ ఒక్క బర్రేనా?"

"ఒక్కటే సార్. మొగుడు పోయినంక ఆ పాల మీదనే బిడ్డ పెండ్లి చేసింది."

"ఒద్దులే అన్నదయ్యా పాపం," ఆయన మెల్లగా అన్నారు. "ఎండిన జొన్న పెట్టొద్దు సారూ, నాము కొడతదీ అంది. నేను నవ్వాను. కంప్యూటరు కాగితం దాని మొహం ముందు ఆడించాను. చదువురాని మనిషి, సున్నా ఒక్కటి గుర్తుపట్టింది. మీ మాట మీద తోలుకొస్త అంది." ఆయన గోడ గడియారం చూశారు. తొమ్మిదవుతోంది. "పద. ఇంకా రెండు గంటలుంది. కమిటీకి ఏదో ఒకటి చెబుదాం. బర్రెకి జ్వరం వచ్చిందని చెబుదాం."

*

సోమయాజులు గారి స్కూటరుకు ఒక అలవాటు ఉంది. ఎడమ పక్కకు బాగా వంచి, మూడు లెక్కపెట్టి, నిలబెట్టి తన్నితే తప్ప కదలదు. సూటులో ఉన్న మనిషి స్కూటరును పడుకోబెడుతుంటే తార్నాక వీధి వీధంతా చూసింది. చివరికి కదిలింది. వెనక సామేలు, ముందు టై భుజం మీద ఎగురుతున్న సోమయాజులు గారు. యూనివర్సిటీ గేటు దాటి, హాస్టళ్ళు దాటి, ప్రయోగాల పొలం దగ్గరికి వచ్చారు.

తెల్లకారు అప్పటికే ఆగి ఉంది. ఢిల్లీవాళ్ళు ముగ్గురికీ మధ్యాహ్నం విమానం ముందుకు జరిగిందట. రెండు గంటలు ముందే వచ్చి, ప్రొఫెసరు రాకపోయినా ఫరవాలేదు, మొదలుపెట్టండన్నారట. చేమంతి దండ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని ముత్యాలు మడి గట్టు మీద నిలబడి ఉంది. దాని ముందు గంప ఖాళీగా ఉంది.

లచ్చవ్వ పలుపు పట్టుకుని, కొత్త చీర కట్టుకుని, పెళ్ళికూతురి తల్లిలా నిలబడింది. "ఒక్క పుల్ల ఇడువలే సారూ," అంది సోమయాజులు గారిని చూసి. "గంపెడు మెక్కి ఇంక తెమ్మంటున్నది."

"ఎంతసేపైందీ?" అన్నారు సోమయాజులు గారు గంపలోకి తొంగి చూసి.

"గిప్పుడే, మీరొచ్చే ముంగట. మీ మాట మీదనే పెట్టిన."

ఆ తరవాతి అరగంటలో సోమయాజులు గారు ఉపన్యాసం ఇచ్చారు. ఏం చెప్పారో ఆయనకు తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు. కళ్ళన్నీ ముత్యాలు మీదే. అది చెవి ఆడిస్తే ఆయన ఆగిపోయేవారు. తోక ఆడిస్తే సామేలు కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి ముందు కాలు ఎత్తింది. అయిపోయిందనుకుని సామేలు రెండడుగులు ముందుకేశాడు. అది ఈగను తోలుకుని కాలు దించింది. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. ముత్యాలు తీరుబడిగా నెమరేసింది. ఢిల్లీ కమిటీ వైపు సూటిగా చూసి, తోకెత్తి, తన అభిప్రాయం చెప్పేసింది.

కమిటీలో పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మిగతా ఇద్దరూ కొట్టారు. సోమయాజులు గారి చెయ్యి పట్టుకుని ఊపేశారు.

తొమ్మిదింటికి ఎన్ అక్షరం తప్పని ఒప్పుకున్న సోమయాజులు గారు, పదింటికల్లా పార్టీ మార్చేశారు. సామేలును చెట్టు పక్కకు లాక్కెళ్ళి, "చూశావా?" అన్నారు. మొహం పూర్ణం బూరెలా వెలుగుతోంది. "నీ ఎన్నూ గిన్నూ కట్టిపెట్టు. బర్రె బతికే ఉందిగా? సున్నా అంటే సున్నాయే! తప్పు దారిన పోయినా కంప్యూటరు సరైన ఊరికే చేరిందయ్యా!"

"సార్, అట్లెట్ల అయితది..."

"ఎదురుగా కనిపిస్తుంటే ఇంకా ఎట్లా ఏవిటయ్యా! అటు చూడు. పద్దెనిమిది రోజులు నీటి చుక్క పెట్టని మడి, నడుం దాకా పెరిగింది. ఇటు చూడు, రోజూ నీళ్ళు పెట్టిన మడి, గిడసబారి ఏడుస్తోంది. ఇప్పుడే పెద్దాయనకి చెప్పాను, మా రకానికి నీళ్ళెక్కువైతే ఇలాగే గిడసబారుతుందని. ఆయన రాసుకున్నాడు కూడా!"

ఇలా అని, సంతోషం పట్టలేక ఆయన అక్కడే ఉన్న కూలీలను పిలిచారు. లచ్చవ్వ అప్పటికే ముత్యాలును తోలుకుని మాణికేశ్వర్ నగర్ దారి పట్టింది. ఆయన చెట్టు కింద నుంచే చెయ్యి ఊపుతూ కూలీలకు ఏదో పురమాయించారు. సామేలు వినలేదు. అతని తల వేరే గొడవలో ఉంది, అరగంట సేపు ఆ చెట్టు కిందే కూర్చున్నాడు.

తన లెక్క నిజమైతే బర్రె చావాలి. బర్రె బతికినందుకు గుండె నిండా సంతోషంగా ఉంది. కానీ తప్పు లెక్కకు ఒప్పు జవాబు రావడం ఎక్కడా చూడలేదు. ఎండిన జొన్న నడుం దాకా పెరగడం ఏమిటి? అతను ప్రొఫెసరు కాదు, కాపాయన పొలంలో కూలికి పోయిన తల్లి కొడుకు. ‘ఎండు మడి’ అని బోర్డు పెట్టిన మడిలోకి దిగి, ఒక మొక్క మొదట్లో వేళ్ళు దిగేసి మట్టి తీశాడు. పద్దెనిమిది రోజుల ఎండు మట్టి పొడి పొడిగా రాలాలి. ఇది ముద్దయి అరచేతికి అంటుకుంది.

"మొగిలన్నా!" అని కేకేశాడు.

పొలం చూసుకునే మొగిలి పంపుసెట్టు గది వెనక కమిటీవాళ్ళ చాయ్ గ్లాసులు కడుగుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. సామేలు అరచెయ్యి చాపి ముద్ద చూపించగానే, అడగకముందే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సారుకు చెప్పకు బిడ్డా. నౌకరీ పోతది."

"నీళ్ళు పెట్టినవా?"

"ఎట్ల ఊకుంటరు మరి?" మొగిలి గ్లాసు కింద పెట్టేశాడు. "పొద్దుగాల్ల వచ్చి సూస్తె ఆకులన్ని ముడుసుకొని నా దిక్కే సూస్తున్నట్టుండె. ఊర్ల నీళ్ళు లేక పంట ఎండవెట్టుకొని గీడికొచ్చిన నేను. గీడ పంపున్నది, పైపున్నది, బాయి నిండ నీళ్ళున్నయి. పంటేమో ఎండుతున్నది. ఉండి పెట్టకుంటె పాపం తగులదా? గిదేం సదువో నాకు సమజ్ గాలే. ఒక్కనాడు ఇంత పెట్టిన. తెల్లారి నవ్వింది. ఇగ చెయ్యి ఆగలే."

సామేలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళ పరిశోధన, నలభై రెండు సమీకరణాలు, కంప్యూటరు బొట్టు, ఢిల్లీ చప్పట్లు, అన్నీ మొగిలి జాలి ముందు దండగ. ముత్యాలు తిన్నది ఎండిన జొన్న కాదు, శుభ్రంగా నీళ్ళు తాగిన జొన్న. అందుకే బతికింది. ఎన్ తప్పే. సున్నా తప్పే. తన లెక్క గట్టిదే. అమ్మయ్య అనుకోబోయాడు. సగం అనుకున్నాక ఆగిపోయాడు.

"మొగిలన్నా, పైపు ఒక్కటే కద ఉన్నది?"

"ఒక్కటే. గీడ పెడ్తె గాడికి అందది."

"మరి ఆ నీళ్ళ మడికి?"

మొగిలి తల వంచుకున్నాడు. "అది ముందుగాలనే మస్తు తాగింది కదా, ఓర్సుకుంటదనుకున్న. పదిహేను దినాలైంది దాని మొకం సూడక."

సామేలు వెనక్కి తిరిగి చూశాడు. ‘నీళ్ళ మడి’ అని బోర్డు నిలబడి ఉంది. దాని వెనక మడి లేదు. బోడి మొదళ్ళు మాత్రం ఉన్నాయి, కొడవలి కోతకు తెల్లగా మెరుస్తూ.

"ఎవరు కోసిన్రు? ఎటు పోయింది?" అని కూలీలను కేకేశాడు.

"సారే కోయమన్నడు," అన్నాడు ఒకతను చెమట తుడుచుకుంటూ. "బర్రె మంచిగ పని చేసింది, ఇనాము ఇద్దామన్నడు. ఎండుది పరీక్షకు ఉంచి, నీళ్ళ మడిది రెండు మోపులు లచ్చవ్వ ఇంట్ల ఏయమన్నడు. సైకిల్ మీద ఏసొచ్చిన. ఇప్పుడే గదా వచ్చుడు."

*

కమిటీ పెద్దాయన సోమయాజులు గారికి అప్పుడే చెబుతున్నాడు, ప్రాజెక్టును ఇంకో అయిదేళ్ళు పొడిగించమని ఈ సాయంత్రమే రాస్తానని. ఆ మాట కోసం సోమయాజులు గారు ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నారో మనకు తెలుసు. ఒక చేతిలో చాయ్ కప్పు, మొహాన చిరునవ్వు. సామేలు వచ్చి ఆయన చెవిలో చెప్పాడు.

"సార్, మడులు తారుమారైనయి. మొగిలన్న పైపు మార్చిండు. నాము నీళ్ళ మడిల ఉన్నది. మోపులు లచ్చవ్వ ఇంట్ల ఉన్నయి."

ఆయన చిరునవ్వు మొహం మీదే ఎండిపోయింది. పెద్దాయన ఏమిటన్నట్టు చూశాడు. ఒక్క మాట చాలు, ఏమీ లేదండీ అని. కారు ఎక్కించి పంపేసి, తరవాత చూసుకోవచ్చు. ఈ కథ మొదటి నుంచీ సోమయాజులు గారిని ఆటపట్టిస్తూ వచ్చిన నేను ఈ ఒక్క చోట మాత్రం లేచి దణ్ణం పెడతాను. ఆయన చాయ్ కప్పు తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టారు. "నా లెక్క తప్పు. మీరేమీ రాయకండి," అని శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పి, సూటు, టై, అరవై ఏళ్ళ మోకాళ్ళు, అన్నింటితో సహా స్కూటరు వైపు పరుగెత్తారు.

స్కూటరును ఇద్దరూ కలిసి పడుకోబెట్టారు. ఈసారి మూడు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు, ఒకటికే తన్నారు. దాని అదృష్టం, అది కదిలింది.

మాణికేశ్వర్ నగర్ సందుల్లో స్కూటరు పట్టని చోట దాన్ని గోడకు ఆనించి, పడుతూ లేస్తూ పరుగెత్తి, లచ్చవ్వ ఇంటి ముందుకు వచ్చారు. గుడిసె పక్కన ముత్యాలు పడుకుని ఉంది. సామేలు ఒక్క గంతులో దాని దగ్గరికి ఉరికాడు. అది తల తిప్పి చూసి, మళ్ళీ నెమరేసుకోసాగింది. మోపులు ఎక్కడా కనిపించలేదు.

"మోపులేవి అవ్వా?" సామేలు రొప్పుతూ అడిగాడు.

లచ్చవ్వ మొహం వెలిగిపోయింది. "వచ్చినయి బిడ్డా! సారు దొడ్డ మనసు. అయినా దీనికి డొక్కలు నిండేటట్టు మేపిన్రు కదా, ఇది ముట్టలే. ఊకెనే ఎండిపోతదని గల్లీల పంచిన. మోపులు సూసి కొందరు అనుమానపడ్డరు, గిడుసగున్నది, నాము ఉంటదేమో అని. నేనే చెప్పిన, గిది కంప్యూటర్ జొన్న, నాము పుట్టది, నా ముత్యాలు ఢిల్లోల్ల ముంగట గంపెడు తిన్నదీ అని."

"ఎంతమందికి పంచావు?" అన్నారు సోమయాజులు గారు.

లచ్చవ్వ వేళ్ళు మడిచింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వెళ్ళింది. "ఏడిండ్లు సారూ."

 ఆయన సందు మధ్యకు వెళ్ళి, గొంతు చించుకుని, "హెచ్‌సీఎన్! హెచ్‌సీఎన్ ఉంది! మేపకండి!" అని అరిచారు. ఒక తలుపూ కదల్లేదు. ఏదో పార్టీవాళ్ళు ఓట్ల కోసం వచ్చారనుకుని ఒక ముసలాయన కిటికీ మూసుకున్నాడు.

అప్పుడు సామేలు తల పైకెత్తాడు. నోరు తెరిచేసరికి అతని గొంతులోంచి వచ్చింది అతని గొంతు కాదు. పదహారేళ్ళ కిందట చేన్లోంచి ఒర్రుకుంటూ ఉరికొచ్చిన ఉప్పలమ్మ గొంతు.

"నాము! నాము! నాము!"

సందు సందంతా ఒక్కసారి లేచింది. తలుపులు భళ్ళుమన్నాయి. వంట చేస్తున్నవాళ్ళు గరిటెలతో, స్నానం చేస్తున్నవాళ్ళు తడి జుట్టుతో, ఏం ఎందుకు అని అడగకుండా కొట్టాల్లోకి పరుగెత్తారు. బర్రెల నోళ్ళలోంచి జొన్న లాగి సందులోకి విసిరేశారు. సోమయాజులు గారు సూటు చేతులు మడిచి, ఆ జొన్నంతా తన చేతులతోనే కాలువలోకి తోస్తూ లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో బర్రె మూతి కూడా పెట్టలేదట. ఐదు. ఆరు.

"ఏడోది?" అన్నారాయన తలెత్తి.

లచ్చవ్వ సందు చివర రేకుల ఇంటి వైపు చెయ్యి చూపింది.  "నేనే అందరికంటె ముందుగాల ఆడ ఏసొచ్చిన సారూ. ఆ ఇంటామె బర్రెను లోపల కట్టేసి, సీతాఫల్‌మండికి పోతున్ననని చెప్పి తాళమేసుకొని పోయింది."

ముగ్గురూ ఆ తలుపు దగ్గరికి చేరేసరికి, లోపల ఏదో బరువైనది గోడకు తగులుకుంటూ నేల మీద పడిన చప్పుడైంది.